వర్జ్యం దాటాక ఎన్ని కిలోమీటర్లు?

పలాసలో కార్ల షోరూముకి వచ్చిన మనిషి ముందు బండి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. తలుపు తీసి, మళ్లీ వేసి, ఆ చప్పుడు వింటాడు. డిక్కీ తెరిచి ఎన్ని బస్తాలు పడతాయో కంటితోనే కొలుస్తాడు. అదంతా అయ్యాక మన వైపు తిరిగి అడుగుతాడు: "ఒకపాలి సార్జింగెడితే ఎంత దూరమెల్తాది?"

ముప్పై నాలుగేళ్లు నేను బండ్లతోనే బతికాను. అందులో సగం పైన డీజిలు ఇంజన్ల కింద పడుకుని గడిచింది. తరువాత సర్వీసు కౌంటరు. ఆఖరి ఆరేళ్లు ఎలక్ట్రిక్ కార్ల టెస్ట్ డ్రైవులు, డెలివరీలు చూశాను. నేను రిటైరయ్యాక ఆ పనిలో రమ్య అనే అమ్మాయి చేరింది. మొన్న ఫోన్ చేసి, "సార్, అందరూ ఒకటే అడుగుతున్నారు. ఏ నంబరు చెప్పమంటారు?" అంది. అది ఫోన్లో తేలే సంగతి కాదమ్మా, రాసిస్తానన్నాను. ఈ రాత అందుకే. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

కాలు చూడమన్నాడు

నాకు పని నేర్పినవాడు పోలయ్య మేస్త్రి. కాశీబుగ్గలో రేకుల షెడ్డు, అందులో ఒక గొయ్యి, గొయ్యి మీద ఎప్పుడూ ఒక లారీ. మైలేజీ రావట్లేదని ఎవరైనా గొడవ పెట్టుకుంటే మేస్త్రి ఇంజను ముట్టుకునేవాడు కాదు. చేతులు తుడుచుకుని డ్రైవరు పక్కన ఎక్కి కూర్చునేవాడు. హరిపురం దాకా వెళ్లి వచ్చి, కిందికి దిగి, సగం సార్లు ఇంజనులో ఏ లోపమూ లేదని తేల్చేసేవాడు.

అదెలా తెలిసిందని ఒకసారి అడిగాను. "బండేటి సూత్తావురా కూర్మారావూ, ఆడి కాలు సూడు. ఎక్కడ తొక్కుతున్నాడో, ఎందుకు తొక్కుతున్నాడో సూడు" అన్నాడు. ఆ మాటలో మొదటి సగమే నా బుర్రకెక్కింది. రెండో సగం ఎక్కడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

షెడ్డులో నేర్చుకున్న వాటిలో తప్పులు కూడా ఉన్నాయి. దిగుడు వస్తే గేరు తీసి న్యూట్రల్లో వదిలెయ్యడం అలాంటిదే. డీజిలు కలిసొస్తుందని ఈ ప్రాంతంలో ఆటో నడిపేవాడి నుంచి లారీ నడిపేవాడి దాకా అందరూ చేస్తారు. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకి మొదట్లో నేనూ అదే చెప్పాను. ఈ కారులో కాలు తీస్తే మోటారే వెనక్కి తిరిగి బ్యాటరీకి కొంత కరెంటు పంపుతుంది, న్యూట్రల్లో పెడితే ఆ వచ్చేది కూడా రాదు. సంగతి తెలిశాక ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నేను చెప్పింది తప్పు, అలా చెయ్యకండి అని చెప్పుకున్నాను. ఆ ఫోన్లు చెయ్యడం నాకు నామోషీ అనిపించలేదు. నాకు నిజంగా నామోషీ అయిన సంగతి ముందుంది.

కాగితం మీది నంబరు

కంపెనీ ఇచ్చే రంగుల కాగితంలో మేం అమ్మే కారుకి మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు అని ఉండేది. అది అబద్ధమని చాలామంది తిడతారు. నేను తిట్టను. ఒక గదిలో రోలర్ల మీద బండిని నిలబెట్టి, ఎదురుగాలి లేకుండా, ఏసీ వెయ్యకుండా, మెల్లగా తోలితే అంత వస్తుంది. ఆ గదిలో మీరు కాపురం పెడితే మీకూ వస్తుంది. బస్తా జీడిపిక్కలు కొట్టిస్తే బస్తా పప్పు రాదని పలాసలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ లెక్కా అలాంటిదే.

అయినా ఆ నంబరు నోటితో చెప్పడం నాకు నచ్చలేదు. ఒక ఆదివారం మా డెమో కారులో నాలుగు పిక్కల బస్తాలు వేసుకుని, ఏసీ పెట్టుకుని, ఇచ్ఛాపురం వెళ్లి వచ్చాను. అక్కడితో ఆగకుండా టెక్కలి వైపు కూడా తిరిగాను. ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకుని, డెబ్బై దాటకుండా, నా పద్ధతిలో తోలాను. రెండు వందల ఇరవై తేలింది. ఆ రోజు నుంచి అడిగిన ప్రతివాడికీ రెండు వందల ఇరవై అనే చెప్పేవాణ్ణి.

వైజాగ్ నుంచి వచ్చే మా ఏరియా మేనేజరుకి ఇది తెలిసింది. ఇస్త్రీ మడత చెదరని మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. కంపెనీ నంబరు ఒకటుండగా సొంత నంబరు ఎందుకన్నాడు. కంపెనీ నంబరు తప్పితే కంపెనీ చూసుకుంటుంది, మీ నంబరు తప్పితే మీరే చూసుకోవాలి, ఈ సీటులో కూడా ఉండరు అని మెత్తగా చెప్పాడు. నా నంబరు తప్పదు సార్ అన్నాను. అప్పట్లో నాకు నా మీద అంత నమ్మకం.

పంతులుగారి ప్రశ్న

నరసింహమూర్తి పంతులుగారిది కోటబొమ్మాళి. నరసన్నపేట నుంచి సోంపేట దాకా, ఇటు ఉద్దానం సముద్రపు ఒడ్డు దాకా పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఒడుగులు ఆయన చేతి మీదే జరిగేవి. బ్రాహ్మణ వీధి అని, మత్స్యకారుల పేట అని చూసేవారు కాదు. పిలిచిన ఇంటికల్లా వెళ్లేవారు. సీజనులో రోజుకి రెండు మూడు చోట్ల ఉండాలి. స్కూటరు మీద తిరిగి తిరిగి నడుము పోయింది.

ఆయన షోరూముకి వచ్చి రంగు అడగలేదు, ధర అడగలేదు. "కూర్మారావు గారూ, మీ మైలేజీ లెక్కలు నాకు తెలియవు. ముహూర్తం వేళకి నేను పీటల దగ్గర ఉంటానా, ఉండనా? అది చెప్పండి చాలు" అన్నారు.

ఆ అడగడం నాకు ఎంతో నచ్చింది. ఆయన్ని కూర్చోబెట్టి అరగంట ప్రశ్నలు వేశాను. బండిలో ఎంతమంది? నేనొక్కణ్ణే, నేనే తోలుతాను. బరువు? వెళ్లేటప్పుడు పూజ సంచి, వచ్చేటప్పుడు బియ్యం, కొబ్బరికాయలు, అరటి గెల. ఏసీ? ఉండాలి, పొద్దస్తమానం హోమం పొగలో కూర్చునేవాణ్ణి. రోడ్లు? హైవే ఎక్కువ, ఉద్దానం లోపలి రోడ్లు కొంత. అన్నీ కాగితం మీద రాసుకున్నాను. రాసుకుని, "రెండు వందల ఇరవై ఖాయం. ముహూర్తానికి మీరు పీటల దగ్గర ఉంటారు. నాది పూచీ" అన్నాను.

నా పూచీ మీదే ఆయన కారు కొన్నారు. మూఢం రోజులు కావడంతో మూడు నెలలు ఊళ్లో పనులకే తిరిగారు. ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ గురువారం

ముహూర్తాలు మొదలైన వారంలోనే ఆయనకి ఒక గురువారం మూడు పనులు పడ్డాయి. తెల్లవారుజామున నరసన్నపేట దగ్గర గృహప్రవేశం. ఎనిమిది యాభైకి జలంత్రకోటలో ఒడుగు. మధ్యాహ్నం ఒంటిగంటా ఐదుకి వజ్రపుకొత్తూరు అవతల సముద్రం ఒడ్డున పెళ్లి. పెళ్లికూతురు గురయ్య కూతురు. గురయ్య పడవ ఉన్న మనిషి. అతని పెళ్లీ, అతని తండ్రి పెళ్లీ కూడా పంతులుగారి ఇంటివాళ్లే చేశారు. మిగతా రెండు పనులకి వేరే పంతులు దొరికినా ఈ పెళ్లికి ఆయనే ఉండాలి.

ముందు రోజు ఫోన్ చేసి దారి మొత్తం చెప్పారు. ఇద్దరం కలిసి కిలోమీటర్లు కూడాం. పెళ్లి ఊరు చేరేసరికి నూట డెబ్బై. "యాభై మిగులుతుంది పంతులుగారూ. పెళ్లయ్యాక పలాస వచ్చి మా దగ్గర ఛార్జింగు పెట్టుకోండి, కాఫీ కూడా ఇప్పిస్తాను" అన్నాను.

గురువారం పదకొండున్నర దాటాక నా ఫోన్ మోగింది. "కూర్మారావు గారూ, డయల్లో తాబేలు బొమ్మ వచ్చింది. బండి నడక కూడా అలాగే ఉంది. శ్రీకూర్మం స్వామి దర్శనం అనుకోమంటారా?" అన్నారు. నవ్వుతున్నట్టే అన్నారు.

బ్యాటరీ అడుగంటితే ఆ బొమ్మ వస్తుంది. నేను మాట్లాడుతుండగానే కారు ఆగిపోయింది. జీడితోటల మధ్య, పెళ్లి ఊరికి ఎనిమిది కిలోమీటర్ల ఇవతల. పన్నెండున్నరకల్లా పందిట్లో ఉంటే తప్ప ముందు జరగాల్సిన తంతు ముగించి ముహూర్తం అందుకోవడం కుదరదు.

పలాసలో మా షోరూము ముందు నుంచే కదా వెళ్లారు, పది నిమిషాలు ఎందుకు ఆగలేదని అడిగాను. అడక్కుండా ఉంటే బాగుండేది. "అప్పటికి డయలు ఇంకో ఇరవై వస్తుందంది. ఊరు ఇరవై రెండు. మీరేమో యాభై మిగులుతుందన్నారు. మిషను మాటా, మనిషి మాటా అని ఆలోచించి మీ మాటే నమ్మాను" అన్నారు.

నేను ఫోన్ పెట్టేసి మోటారు సైకిలు తీశాను.

చేపల ఆటో

నేను వెళ్లేసరికి పన్నెండు కావస్తోంది. కారు వెనకాల ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. రోజూ ఐసు పెట్టెల్లో చేపలు పలాసకి తెచ్చే ఆటో. దాని పక్కన కొత్త పంచె కట్టుకుని, ఆ పంచె మోకాళ్ల దాకా తడిసిపోయి, పెళ్లికూతురి తండ్రి గురయ్య నిలబడి ఉన్నాడు. పంతులుగారి ఫోను వెళ్లేసరికి ఊళ్లో బళ్లన్నీ మగపెళ్లివారిని తేవడానికి వెళ్లిపోయాయట. మిగిలింది ఇదొక్కటే. బోరింగు కింద నాలుగు బకెట్లు పోసి కడిగి, డ్రైవరు కోసం చూడకుండా తనే తోలుకొచ్చాడు.

తెచ్చాడు గానీ ఎక్కమనడానికి నోరు రావట్లేదు. తువ్వాలు చేతిలో నలుపుతూ, "కడిగాను పంతులుగోరూ. కంపు పోనేదు. ఏటి సెయ్యమంటారో మీరే సెప్పండి" అన్నాడు.

పంతులుగారు పూజ సంచి చంకన పెట్టుకున్నారు. పంచె ఎగ్గట్టి, గురయ్య సీటు పక్కన ఉన్న జానెడు జాగాలో ఎక్కి కూర్చున్నారు. "మీ అమ్మాయి పెళ్లికి మీ బండిలో రాకపోతే ఎవరి బండిలో వస్తాను గురయ్యా? జరుగు" అన్నారు.

ఆ ఎనిమిది కిలోమీటర్లూ నేను ఆ ఆటో వెనకాలే వెళ్లాను. వెనక పెట్టెల్లోంచి ఐసు నీళ్లు రోడ్డు మీద కారుతున్నాయి. ముందు సీటులో వేదం చదివిన మనిషి ఒక చేత్తో రేకు పట్టుకుని ఊగుతున్నారు. నా పూచీ గాలికి పోయింది, అది కూడా ఇంత బాహాటంగా. ముప్పై నాలుగేళ్లలో అంత సిగ్గుపడ్డ రోజు నాకు ఇంకొకటి లేదు.

పెళ్లింటి ముందు దిగి ఆయన ఒక చెంబుడు నీళ్లు అడిగారు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లారు. ఏ ఇంట్లోనైనా ఆయన చేసేది అంతే, ఇక్కడా అంతకుమించి ఏమీ చెయ్యలేదు. మంత్రాల్లో ఒక్క ముక్క మింగకుండా, తంతు ఎక్కడా తొక్కిపెట్టకుండా నడిపించారు. నేను పందిరి గుంజ పట్టుకుని వాచీ చూస్తూ నిలబడ్డాను. సరిగ్గా ఒంటిగంటా ఐదుకి జీలకర్ర బెల్లం పెట్టించారు. గురయ్య అప్పటికీ తడి పంచెలోనే ఉన్నాడు.

భోజనాల దగ్గర ఎవరో, కొత్త కారు అప్పుడే పాడైపోనాదా అని అడిగారు. నేను తల దించుకున్నాను. "కారుకి ఏ రోగమూ లేదు. చెప్పినవారికీ తోలినవాడికీ లెక్క కుదరలేదు" అని పంతులుగారు అరిటాకు వైపు తిరిగారు. నా వైపు చూడలేదు.

పోయిన కిలోమీటర్లు

మర్నాడు కారు మా షెడ్డులో ఉంది. పంతులుగారు వచ్చారు. కోపంగా లేరు, అదే నాకు కష్టంగా ఉంది. "రెండు వందల ఇరవై అన్నారు. నూట అరవై రెండుకి ఆగింది. ఆ మిగతావి ఎటు పోయాయో కనిపెట్టండి" అన్నారు.

ఏ దారిలో ఎంత వేగంతో వెళ్లిందో కారే రాసి పెట్టుకుంటుంది. తెరిచి చూశాం. నరసన్నపేట వెళ్లేటప్పుడు అరవై. కరెంటు ఎంత ఖర్చవ్వాలో అంతే అయింది. అక్కడి నుంచి జలంత్రకోటకి నూట పది. జలంత్రకోట నుంచి పలాసకి మళ్లీ నూట పది. యాభై ఎనిమిదేళ్ల పురోహితుడు పంచె ఎగ్గట్టి హైవే మీద నూట పది తోలారంటే నేను నమ్మలేకపోయాను. డెబ్బైలో వెళ్లేటప్పుడు గాలి బండికి దారి ఇస్తుంది. నూట పదిలో ప్రతి గజమూ గాలిని నెట్టుకుంటూ పోవాలి, బ్యాటరీ అక్కడే కరిగిపోతుంది. డీజిలు కారుకీ ఇదే నష్టం ఉంది. మైలుకో బంకు ఉండబట్టి ఎవరూ గమనించలేదు.

ఆలస్యంగా బయల్దేరారా అని అడిగాను. "ఆలస్యం ఏమిటండీ, వర్జ్యం" అన్నారు.

గృహప్రవేశం ఐదూ ముప్పావుకే అయిపోయినా, ఫలహారం పెట్టి సంభావన ఇచ్చేసరికి ఆరూ పావు దాటిందట. ఆరూ పావు నుంచి వర్జ్యం. అందులో ప్రయాణం మొదలుపెట్టకూడదు. ఏడున్నర దాటేదాకా ఆ ఇంటి అరుగు మీదే కూర్చున్నారు. ఆ తరువాత జలంత్రకోట ముహూర్తం అందుకోవాలి కదా. అక్కడ ఒడుగు అయ్యేసరికి దుర్ముహూర్తం. అది పదీ నలభై ఎనిమిది దాకా. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ పరిగెత్తించారు.

నేను కాగితం తీసి చూసుకున్నాను. మనుషులు, బరువు, ఏసీ, రోడ్లు, అన్నీ ఉన్నాయి. ఏ వేళకి బయల్దేరతారన్నది లేదు. మా ఇంట్లో మా ఆవిడ క్యాలెండరు చూడకుండా నన్ను గుమ్మం దాటనివ్వదు. వర్జ్యం పోయేదాకా చెప్పులు వేసుకుని హాల్లో కూర్చుని, పోగానే పరిగెత్తిన రోజులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి. అలాంటి నేను ఒక పురోహితుణ్ణి పట్టుకుని బియ్యం బస్తా బరువు అడిగాను, బయల్దేరే వేళ అడగలేదు. కాలు ఎందుకు తొక్కుతున్నాడో చూడమన్న మేస్త్రి మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"తప్పు నాది పంతులుగారూ" అన్నాను.

ఆయన, దీనికి మాలో మందుంది అన్నారు. పూర్వం చెడు వేళలో ప్రయాణం తప్పకపోతే, అంతకుముందే మంచి వేళ చూసి గొడుగో చేతి సంచో దారిలో ఎవరింట్లోనో పెట్టించేవారు. ప్రస్థానం పెట్టడం అంటారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే. "మా తాతగారు గొడుగు పెట్టేవారు. నేను కారే పెడతాను. వర్జ్యం రాకముందే హైవే మీదికి వెళ్లి ఛార్జింగు పెట్టుకుని కూర్చుంటాను. ఎలాగూ కూర్చునేవాణ్ణే కదా" అన్నారు.

ఆ తరువాత ఆయన ఏ ముహూర్తానికీ పరిగెత్తలేదు. టెక్కలి దగ్గర ఛార్జింగు పెట్టే చోట పంచాంగం పట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఆయన్ని నేను చాలాసార్లు చూశాను.

ఆ సీటు

ఏరియా మేనేజరు వచ్చాడు. కస్టమరు అతివేగం వల్ల అని రాసి సంతకం పెట్టమన్నాడు. అది అబద్ధం కూడా కాదు. రాస్తే నా సీటు నాకుంటుంది. కానీ పందిట్లో అంతమంది ముందు నా పేరు ఎత్తని మనిషి మీదికి నేరం తోసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. "అడగవలసింది అడగకుండా హామీ ఇచ్చాను" అని రాసి సంతకం పెట్టాను. నన్ను టెస్ట్ డ్రైవుల నుంచి తీసేసి మూడు నెలలు స్పేరుపార్టుల కౌంటర్లో కూర్చోబెట్టాడు.

ఇప్పుడు ఆలోచిస్తే మేనేజరు ఒక విషయంలో న్యాయంగానే మాట్లాడాడు. నా సొంత నంబరు కూడా ఒక గదిలో పుట్టిన నంబరే. ఆ గది నా కారు, అందులో తోలింది తొందర లేని నేను. కానీ నేరం కొన్నవాడి మీద రాయమనడం మాత్రం తప్పు. రమ్యా, నీకూ ఆ కాగితం ఎవరో ఒకరు ఇస్తారు. సంతకం పెట్టకు.

మూడు నెలల తరువాత సీటు తిరిగొచ్చింది. అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న ఒకటే: ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరతారు, అక్కడ ఎన్నింటికి ఉండాలి? జీడిపప్పు వ్యాపారి అయితే రైలు టైము చెబుతాడు. టీచరమ్మ అయితే పిల్లల డబ్బాలు కట్టేసరికి ఎంతవుతుందో చెబుతుంది. ఆ మధ్య మిగిలిన టైమును బట్టి ఒక్కొక్కరికి ఒక్కో నంబరు చెప్పాను. ఒకే కారుకి నూట యాభై చెప్పాను, రెండు వందల ముప్పై చెప్పాను. ఆ తరువాత నా దగ్గర కొన్న ఎవరికీ తాబేలు కనబడలేదు.

రిటైరవడానికి వారం ముందు పంతులుగారు టెక్కలి నుంచి ఇంకొక పంతులుగారిని వెంటబెట్టుకుని వచ్చారు. వయసులో చిన్నవారు, ఉత్సాహంగా ఉన్నారు. కారు చుట్టూ తిరిగి, తలుపు వేసి చూసి, ఎంత దూరం వస్తుందని అడిగారు.

"ఆయన చెప్పే నంబరు సంగతి తరువాత. ముందు ఆయన అడిగేదానికి నిజం చెప్పు" అన్నారు మా పంతులుగారు.

నేను కాగితం తీసి, పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతారని అడిగాను.

"ఎనిమిదింటికల్లా గేటు దాటేస్తానండీ" అన్నారాయన.

నేను రాయలేదు. మా పంతులుగారి వైపు చూశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని పైకప్పు వైపు చూస్తున్నారు. కొత్తాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కొంచెం గొంతు తగ్గించి, "వర్జ్యం లేకపోతే" అన్నారు.

కాగితం మీద తొమ్మిదిన్నర అని రాసుకుని, నూట అరవై వస్తుందని చెప్పాను.